దెయ్యానికి వానపాములు పెడతారట!

మా రోజుల్లో దెయ్యానికి ఒక అడ్రసుండేది. ఊరవతల చింతచెట్టు, పాడుబడ్డ బావి, శ్మశానం దారి. అటు వెళ్ళకపోతే సరి. యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌గా చదివినప్పుడు కూడా చేతబడి చేసేవాడు బయటెక్కడో ఉండేవాడు. తల్లి బిడ్డ పక్కన కూర్చుని ఏడ్చేది. ఎవరి చోట వాళ్ళుండేవారు. సికిందరాబాద్ సంగీత్ టాకీసులో ‘ఎక్సార్సిస్ట్’ చూసొచ్చి రాత్రిపూట దొడ్లోకి వెళ్ళడానికి జంకినవాణ్ణి నేను. అందులోనూ దెయ్యం పట్టింది కూతుర్నే గానీ తల్లిని కాదు.

మొన్న మా అమ్మాయి ఎనిమిది నెలల పిల్లాణ్ణి భుజానేసుకుని, “నాన్నా, నీకు దెయ్యాల సినిమాలిష్టం కదా” అంటూ టీవీలో ‘బాబాడూక్’ పెట్టింది. ఆస్ట్రేలియా సినిమా. జెనిఫర్ కెంట్ అనే ఆవిడ తీసిన తొలి చిత్రం, 2014లో సండాన్స్ ఉత్సవంలో మొదట వేశారు. సుమారు 20 లక్షల డాలర్లతో అడిలైడ్‌లో తీశారట. సెట్లకి చాలక జనం దగ్గర 30 వేల డాలర్లు పోగుచేశారట. శ్రీరామనవమి పందిరికి చందాలెత్తినవాణ్ణి గానీ, దెయ్యం కొంపకి చందాలెత్తడం ఇదే వినడం.

కథలో అమీలియాని ప్రసవానికి తీసుకెళ్తుంటే కారు ప్రమాదంలో మొగుడు పోయాడు. ఆ రోజు పుట్టినవాడికి ఇప్పుడు ఏడేళ్ళు నిండబోతున్నాయి. వాడు పడుకోడు, ఆమెని పడుకోనివ్వడు. పగలంతా వృద్ధాశ్రమంలో ఉద్యోగం. ఒక రాత్రి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని బొమ్మల పుస్తకమొకటి చేతికొస్తుంది. అందులో టోపీ పెట్టుకున్న నల్లటివాడు. వాడెప్పుడొస్తాడా అని సగం సినిమా కాచుక్కూర్చున్నాను. తీరా చూస్తే వాడు దూరింది తల్లిలోకి! కత్తి పట్టుకుని, నోటికొచ్చినట్టు తిడుతూ కన్నకొడుకు వెంట పడుతుంది. ఆ తిట్లన్నీ ఆరేళ్ల కుర్రాడి చెవిన పడకూడదని, వాడి బదులు పెద్దమనిషినొకణ్ణి మోకాళ్ళ మీద నిలబెట్టి తీశారట. అంత మర్యాద తెలిసినవాళ్ళకి ఈ కథెందుకు?

“ఆ ఇంట్లో ఇంకో మనిషి లేదు, అదీ అసలు సంగతి” అన్నాను. అమీలియా తోబుట్టువేమో ఇటు తొంగిచూడదు. కాస్త కనికరించే పక్కింటి ముసలావిడకే చేతులు వణికే జబ్బు. మా రోజుల్లో అయితే ఏడ్చే పిల్లాణ్ణి అమ్మమ్మ ఎత్తుకునేది, పెద్దమ్మ ఉగ్గు పట్టేది. బాలింత మంచం కింద ఇనుపముక్క, గుమ్మానికి వేపమండ, సందెవేళ సాంబ్రాణి పొగ. దెయ్యం దూరడానికి సందేదీ?

మా ఆవిడ కందిపప్పులో రాళ్ళేరుతోంది. తలెత్తకుండానే, “పదిమందుంటే పదిమందికీ వండిందెవరండీ? అమ్మాయి పుట్టినప్పుడు మూడు నెలలు నాకు కంటిమీద కునుకు లేదు. ఇనుపముక్కయితే పెట్టారు గానీ, పిల్లని ఒక్క రాత్రి ఎవరన్నా తీసుకున్నారా? మీరు వసారాలో గురక పెట్టేవారు” అంది.

ఈ సినిమాకి ఇంటర్వెల్ లేదేమిటని అమ్మాయిని అడిగాను.

ఇక ముగింపు సంగతి. మా రోజుల్లో భూతవైద్యుడు దెయ్యాన్ని సీసాలో బిగించి పొలిమేర అవతల పాతేసేవాడు. పీడ విరగడయ్యేది. ఇక్కడ దాన్ని నేలమాళిగలో ఉంచుకుని, గిన్నెలో వానపాములు వేసి తీసుకెళ్ళి పెడుతుంది ఆ తల్లి. దెయ్యానికి క్యారేజీ! ఇంత భయపెట్టిన సినిమా చూడలేదని ‘ఎక్సార్సిస్ట్’ తీసిన ఫ్రీడ్కినే అన్నాడట. అననీయండి, నాకు మాత్రం నచ్చలేదు.

మా ఆవిడకి అదే నచ్చిందట. ఇంగ్లిష్ సగం అర్థం కాకపోయినా, మర్నాడు మధ్యాహ్నం మనవణ్ణి ఒళ్ళో వేసుకుని మళ్ళీ మొదటినుంచీ చూసింది. కాఫీ నన్నే పెట్టుకోమంది.