బురద మూలను ఎండగట్టకండి

పెరట్లో నీళ్లు నిలిచే మూల ఉందంటే ఎవరైనా చెప్పే సలహా ఒకటే: మట్టి తోలించి ఎత్తు చేయండి, కాలువ తీసి నీళ్లు బయటికి పంపేయండి. నేను దానికి అడ్డంగా చెబుతున్నాను. అనంతపురంలో ఉన్నవాళ్లు ఆ మూలను పూడ్చకండి. వీలైతే మిద్దె మీది నీళ్లు కూడా అటే మళ్లించండి.

మన దగ్గర ఏడాదికి కురిసేదే సగటున 550 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపుటడుగుల మిద్దె మీద పడే వాన ఏడాదికి సుమారు 50,000 లీటర్లు. దాన్ని వీధి కాలువలోకి వదిలేసి, ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెడతాం.

నేనూ ఒకప్పుడు అందరి మాటా విన్నాను. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి, ఆ మూలంతా కనకాంబరాలు నాటాను. సెప్టెంబరు వానలకు మట్టి కుంగింది, నీళ్లు మళ్లీ అక్కడికే చేరాయి. మొక్కలు వాడితే దాహమనుకుని ఇంకా నీళ్లు పోశాను. చివరికి ఒకటి పీకి చూస్తే వేరు గోధుమ రంగుకు తిరిగింది, వేళ్లతో పట్టుకుంటే పైతోలు తొడుగులా ఊడి వచ్చింది, మురుగు వాసన కొట్టింది. నీళ్లలో మునిగిన వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు నీళ్లు తాగలేదు. అందుకే తడిలోనే మొక్క వాడిపోతుంది.

ముందు నేలను పరీక్షించండి. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు అంగుళం కూడా దిగలేదంటే కింద బంకమన్నో బండో ఉన్నట్టు. అలాంటి చోట గుంతలో ఇసుక నింపమని చెప్పేవాళ్ల మాట వినకండి. చుట్టూ బంకమట్టి గోడలుంటే ఇసుక గుంత నీళ్ల తొట్టి అవుతుంది.

ఇక మొక్కలు. తడినేల మొక్కలని పుస్తకాల్లో రాసిన కలువ, వస మనకొద్దు. మన మూల తడిసేది రెండు నెలలు, ఎండేది పది నెలలు. శివరాత్రి నాటికి అవి మిగలవు. రెండు బాధలూ ఓర్చుకునే మొక్క కావాలంటే నర్సరీకి కాదు, ముందు వంక దగ్గరికి వెళ్లండి. వాన వస్తే మునిగి, వేసవిలో ఒట్టి ఇసుకగా మారే చోట ఏం బతికి ఉందో చూడండి. నీలంపూల వావిలి, కానుగ, రెల్లు. గన్నేరు కూడా పుట్టుకతో వాగు ఒడ్డు మొక్కే, ఏడాది పొడుగునా పూస్తుంది. అయితే దాని ప్రతి భాగమూ విషం, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. అంచు వెంట వట్టివేరు నాటితే వేరు నిలువునా లోతుకు దిగుతుంది, వరదకూ కరువుకూ తట్టుకుంటుంది. స్నానాల గది నీళ్లు రోజూ పారే చోటైతే మెట్టతామర పెట్టండి, ఎర్రగా పసుపుగా పూస్తూనే ఉంటుంది. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే అది చౌడు. సబ్బునీళ్లు అటు పోవడం ముందు ఆపండి.

కనకాంబరమూ మల్లే లేకుండా మన ఇల్లు ఇల్లు కాదంటారా? నాకూ అంతే. వాటికి పక్కనే మూరెడు ఎత్తు గట్టు కట్టండి. వేళ్లు గట్టు మట్టిలో ఆరుతూ ఉంటాయి, కింది పదును మెల్లగా పైకి అందుతుంది. ఏది నాటినా జూన్ తొలివానకు నాటండి, సెప్టెంబరు నీళ్లొచ్చేలోగా వేరు నిలదొక్కుకుంటుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. గోడ పునాదికి పది అడుగుల లోపు నీళ్లు నిలవనివ్వకండి. వారం దాటి నిలిస్తే దోమలు పుడతాయి, కాబట్టి పరీక్షలో నీళ్లు బాగా ఇంకిన చోట ఒక ఇంకుడు గుంత తీసి రాళ్లు నింపండి.

2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. పల్లాలన్నీ పూడ్చి ఇళ్లు కట్టుకుంటే నీళ్లు ఇంకెక్కడ నిలుస్తాయి? అనంతసాగరం చెరువు నుంచే ఈ ఊరికి పేరు వచ్చిందంటారు. చెరువు పేరు పెట్టుకున్న ఊళ్లో ఉంటున్నాం. ఈ వానాకాలం మీ పెరటి పల్లంలోకి ట్రాక్టరు మట్టి పోయించకండి, ఒక వావిలి కొమ్మ తెచ్చి నాటండి.