మమ అనండి, నెక్స్ట్ నొక్కండి

మా పెళ్లిలో పురోహితుడుగారు నన్ను అడిగినవి మూడే ప్రశ్నలు: పేరు, గోత్రం, తండ్రిగారి పేరు. మిగతా మూడు గంటలూ ఆయనే చూసుకున్నారు. మధ్యమధ్యలో నావైపు తిరిగి "మమ అనండి" అనేవారు. నేను మమ అనేవాణ్ణి. మొత్తం ఎన్ని మమలన్నానో, ఏ మమతో దేనికి ఒప్పేసుకున్నానో ఈనాటికీ తెలీదు. ఇరవై ఏళ్లు దాటింది, సంసారం నడుస్తూనే ఉంది.

ఆ మూడు ప్రశ్నల విలువ నాకు పీటల మీదే తెలిసింది. ఎందుకంటే అంతకు రెండేళ్ల ముందు, అన్నీ అడిగే పురోహితుడొకడు నాకు తగిలాడు. అతగాడొక లినక్సు ఇన్‌స్టాలరు. పేరెందుకులెండి.

గదిలో ముగ్గురం, ముగ్గురికీ కలిపి ఒకే కంప్యూటరు. ఓ రాత్రి సీడీ పెట్టాను. నీలం తెర మీద తెల్లక్షరాలతో ప్రశ్నలు మొదలయ్యాయి. స్వాప్ ఎంత కావాలి? ర్యామ్‌కి రెట్టింపు ఇవ్వాలని సీనియర్లు చెప్పగా విన్నాను, ఇచ్చాను. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ3నా, రైజర్‌ఎఫ్‌ఎస్సా? పేరు గంభీరంగా ఉందని రెండోదానికి ఓటేశాను. బూట్ లోడరు లిలోనా, గ్రబ్బా? బొమ్మా బొరుసూ వేశాను. చివర్న, మీ మానిటరు హారిజాంటల్ సింక్ ఎంత అన్నాడు. తప్పు అంకె ఇస్తే మానిటరు పాడైపోవచ్చని కింద హెచ్చరిక. మానిటరు ఎనిమిది వేలు. దాన్ని టీవీ మెకానిక్‌లా వెనక్కి తిప్పి, టార్చిలైటు వేసి, స్టిక్కరు మీది అంకెలన్నీ కాగితం మీదికి ఎక్కించాను. వాటిలో ఒకటి సీరియల్ నంబరు.

ఇంత ఆర్భాటంగా సింక్ అడిగినవాడు, ఒక ప్రశ్న మాత్రం దగ్గు వచ్చినట్టుగా అడిగి తప్పుకున్నాడు: హెచ్‌డీఏ1ని ఫార్మాట్ చెయ్యనా? అప్పటికి తెల్లవారుజాము మూడు. మమ అన్నాను. ఆ హెచ్‌డీఏ1లో ఉన్నది మా రూమ్మేటు ప్రాజెక్టు రిపోర్టని తెల్లారాక తెలిసింది. తొంభై నాలుగు పేజీలు, బొమ్మలతో సహా. మానిటరు మాత్రం భేషుగ్గా ఉంది.

ఆ తర్వాత కాలం మారింది. 2004లో ఉబుంటు వచ్చింది. 2006లో వచ్చిన 6.06తో సీడీలోంచే డెస్క్‌టాప్ తెరిచి, కాసేపు చూసి, నచ్చితే నాలుగు నొక్కులతో ఇన్‌స్టాల్ చేసుకునే వీలు కల్పించారు. సింక్ గింక్ అడగడం మానేశారు. పాతకాపులకు ఇది నచ్చలేదు. అడగకుండా పెట్టేస్తే కుర్రాళ్లు ఏం నేర్చుకుంటారని వాళ్ల బాధ. మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు. ఆర్చ్ లినక్సు వాడతాడు. ఆ సంగతి మనం అడక్కుండానే చెబుతాడు. ప్రతి ముక్కా చేత్తో టైపు చేసి ఎక్కించుకోవాలి, అదే అసలైన మడి అనేవాడు. 2021 ఏప్రిల్లో ఆ ఆర్చ్ సీడీలోనే ఆర్చ్‌ఇన్‌స్టాల్ అనే సహాయకుణ్ణి చేర్చారు. ఆ వారమంతా మావాడు మైల పట్టినట్టు తిరిగాడు.

మొన్నీమధ్య తునిలో మా మామగారి కంప్యూటరు నా నెత్తిన పడింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. ఆ కంప్యూటర్లో టీపీఎమ్ 2.0 లేదు గనక విండోస్ 11 రానంది. లినక్సు వేద్దామన్నాను. మామగారు రిటైరైన సోషల్ మాస్టారు. కుర్చీ లాక్కుని పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లా నా పక్కన కూర్చున్నారు.

భాషల జాబితాలో తెలుగు ఎప్పట్లాగే తమిళానికీ కన్నడానికీ మధ్య ఉంది. నొక్కాం. తర్వాత దేశపటం వచ్చి, దాని మీద ఒక చుక్క వెలిగింది: కోల్‌కతా.

"కోల్‌కతా ఏంటండీ అల్లుడుగారూ?"

"టైమ్ జోనండీ మామయ్యగారూ. ఒక్కో జోనుకి ఒక్కో పెద్ద ఊరి పేరు పెడతారు. మనకి అది పడింది."

"మన దేశానికి టైము చెప్పే గీత ఎనభై రెండున్నర డిగ్రీలు. అది మన తుని పక్కనుంచే కదండీ పోయేది! ముప్ఫై ఏళ్లు బోర్డు మీద గీశాను. కలకత్తా ఎనభై ఎనిమిది దాటాక ఎక్కడో ఉంది."

నా దగ్గర జవాబు లేదు. 2008లో ఆ పట్టికలో కలకత్తాని కోల్‌కతాగా దిద్దారు తప్ప తునిని ఎవరూ తలుచుకోలేదు. నెక్స్ట్ నొక్కాను.

తర్వాతిది పార్టిషన్.

"అంటే?"

"విభజనండీ."

మామగారు కుర్చీలో సర్దుకున్నారు. 2014 నుంచీ ఆ మాట వింటే ఆయనకు బీపీ. "ఎవరికెంత?"

"రెండు సిస్టములూ ఉంచుకోవచ్చండీ. డిస్కు ఒకటే, ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అందులోకి వెళ్లొచ్చు."

"ఉమ్మడి రాజధాని అనండి. పదేళ్లు చూశాం కదా, వద్దు."

"అయితే డిస్కు మొత్తం చెరిపి వేసేస్తాను. ఇన్‌స్టాలరు సలహా కూడా అదే."

అంతవరకూ గునిసిన మనిషి ఒక్కసారిగా గొంతు తగ్గించారు. "అందులో మీ అత్తయ్యగారి కాశీ ఫొటోలున్నాయండీ. ఆ సలహా ఇచ్చినాయనకి ఆ సంగతి తెలుసా?"

రెండు దశాబ్దాలుగా నేను వెతుకుతున్న మాట ఆయన నోట వచ్చింది. స్వాప్ ఎంతో యంత్రానికి తెలుసు, నాకు తెలీదు. అది నన్నడగడం పురోహితుడు నన్ను మంత్రం అడిగినట్టుంటుంది. డిస్కులో కాశీ ఫొటోలున్నాయని మాకు తెలుసు, దానికి తెలీదు. అది అడక్కపోతే గోత్రం కనుక్కోకుండా తాళి కట్టించినట్టు. మంత్రం తను చదువుకోవాలి, గోత్రం మమ్మల్నడగాలి. కొత్తవాణ్ణి డిఫాల్టు వైపు నడిపించాలా వద్దా అని పండితులు కొట్టుకుంటారుగానీ, నడిపించాల్సిందే. గోత్రం దగ్గర మాత్రం ఆగాలి.

దక్షిణ సంగతి కూడా ముందే తేల్చాలి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెస్ సెట్టింగ్స్ అని పెద్ద బటను, మార్చుకుంటాం అనేవాళ్లకి పక్కన చిన్నక్షరాల లింకు ఉండేవి. పెద్దది నొక్కితే మన సమాచారం చాలావరకు మైక్రోసాఫ్టుకి పంపడానికి ఒప్పుకున్నట్టే. 2016లో ఫ్రాన్సు డేటా రక్షణ సంస్థ నోటీసిచ్చింది. మరుసటేడు ఆ తెర తీసేసి, ఒక్కో అంశానికీ విడివిడిగా మీటలు పెట్టారు. మమ అంటే సంస్కృతంలో 'నాది' అని అర్థం. నాది, నాది అనిపిస్తూనే నాదంతా పట్టుకుపోతే ఎలా?

అత్తయ్యగారి ఫొటోలు, మామగారి పెన్షను కాగితాలు పెన్‌డ్రైవులోకి ఎక్కించాం. రెండుసార్లు తెరిచి చూపించాను. కాశీ ఘాట్ మీద అత్తయ్యగారు కళ్లు మూసుకుని ఉన్న ఫొటో చూసి, "ఇదొక్కటీ తీసెయ్ బాబూ" అన్నారావిడ. అదీ గోత్రమే, అడిగితేనే తెలుస్తుంది. అప్పుడు చెరిపాను. ఇరవై నిమిషాల్లో పనైపోయింది. నా లెక్కన మొత్తం ఏడు మమలు.

మర్నాడు బయల్దేరే ముందు లోపలికి తొంగి చూశాను. సిస్టమ్ బాగానే నడుస్తోంది. గడియారం సెకను తేడా లేకుండా సరైన టైమే చూపిస్తోంది. దాని కిందే, మానిటరు అంచుకి, పిల్లల నోటు పుస్తకాల మీద అంటించే లేబులొకటి అతికించి ఉంది. అందులో మామగారి గుండ్రటి దస్తూరీ:

"ఈ టైము తునిది. కోల్‌కతాది కాదు."