ఆర్డినరీయా, అర్జెంటా?

మొన్న ఆదివారం పొద్దున్న డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడుతున్నాను. "అమ్మా, నిన్న చంటిదానికి..." అందో లేదో, తెరిచిన నోరు తెరిచినట్టే బొమ్మ బిగుసుకుపోయింది. చంటిదానికి ఏమైందో తెలిసేలోపు అర నిమిషం నా గుండె ఆగింది. తీరా చూస్తే పన్ను ఊడిందట, అంతే. ఇంతకీ అడ్డం పడిందెవరయ్యా అంటే హాల్లో టీవీ. ఎవరూ చూడకపోయినా దానంతటది ఏదో అప్‌డేట్ దింపుకుంటోంది.

మా రోజుల్లో ఇలాంటిది సాగనిచ్చేవాళ్లం కాదు. నేను 1974లో ట్రంకు ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరాను. ఎవరు కాల్ బుక్ చేసినా మొదట అడిగే మాట ఒకటే: "ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా?" అర్జెంటుకి రెట్టింపు, లైట్నింగుకి ఎనిమిది రెట్లు. ఆ సంగతి టికెట్ మీద రాసేవాళ్లం. లైట్నింగు టికెట్ వచ్చిందంటే మిగతావన్నీ దాని కిందే. విజయవాడ సర్క్యూట్లలో ఏది ముందు ఖాళీ అయితే దాన్లో కార్డు తీగ గుచ్చేవాళ్లం. బాగా రద్దీగా ఉంటే మా సూపర్‌వైజరుగారు ఒక సర్క్యూట్‌ని పక్కన పెట్టించేవారు, ఆర్డినరీ కాల్స్ దాని జోలికి పోకుండా. మాట్లాడేవాళ్లకి మూడు నిమిషాలు కాగానే చెవిలో "త్రీ మినిట్స్ ఓవర్" అనేవాళ్లం.

ఈ గొప్ప నేను చెప్పుకుంటుంటే మా మనవడు నవ్వాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు. "నాన్నమ్మా, మన కొత్త వైఫై డబ్బా చేసేదీ అదే" అన్నాడు. ఏడో తరం వైఫై అట. 2024 జనవరిలో దీనికి సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పాత వాటిల్లో ఫోను ఒకసారికి ఒక్క బ్యాండునే పట్టుకునేది. ఇందులో 2.4, 5, 6 గిగాహెర్ట్జ్‌లలో రెండు మూడింటిని కలిపి పట్టుకోవచ్చు, ఏది ఖాళీ అయితే దాన్లో ప్యాకెట్ పంపొచ్చు. ప్యాకెట్ల మీద ఎనిమిది రకాల చీటీలున్నాయి. ఏ చీటీ ఏ లైన్లో పోవాలో డబ్బా, ఫోనూ ముందే మాట్లాడుకోవచ్చు. ఏమీ మాట్లాడుకోకపోతే అన్ని చీటీలూ అన్ని లైన్లలోనూ తిరుగుతాయి. మా సూపర్‌వైజరుగారి పద్ధతిని పెట్టెలో పెట్టి అమ్ముతున్నారన్నమాట.

అసలు ముందువరస అనేది కొత్తది కూడా కాదట. 2005లోనే వైఫైలో నాలుగు తరగతులు పెట్టారు: మాట, వీడియో, మామూలు, తీరిగ్గా పోయేవి. అది పనిచేసే తీరు వింటే నాకు నవ్వాగలేదు. అక్కడ ఆపరేటరు లేదు. ప్రతి ఫోనూ ముందు గాలిలో చెవి పెట్టి వింటుంది. ఎవరూ మాట్లాడకపోతే ఒక అంకె లాటరీ తీసుకుని, సెకనులో పది లక్షో వంతులు తొమ్మిదింటికి ఒకటి చొప్పున లెక్క తగ్గించుకుంటూ వస్తుంది. మాటకైతే 0 నుంచి 3 దాకా అంకె, మామూలుదానికి 0 నుంచి 15 దాకా. ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి గుద్దుకుంటే మామూలుదాని అంకె 1023 దాకా పెరగొచ్చు, మాటది 7 దాటదు. అంటే మాటకి గెలుపు అవకాశం ఎక్కువ, అంతే. హామీ లేదు. పైగా ఒకడు మొదలెట్టాక వాడి ప్యాకెట్ అయ్యేదాకా ఎంత అర్జెంటువాడైనా ఆగాల్సిందే. అందుకే లైన్లు పెంచారు, ఒకచోట ఆగాల్సొస్తే ఇంకోచోట దూరడానికి.

సరే, ఇంత ఏర్పాటుండగా నా చంటిదాని పన్ను ఎందుకు ఆగింది? ఈ ప్రశ్న వేస్తే మనవడు కాస్త నీళ్లు నమిలాడు. మొదటిది, నేను కాల్ మాట్లాడే ట్యాబు పాతది. డబ్బా ఏడో తరందైనా దానికి ఒక్క లైనే. అటూ ఇటూ ఇద్దరికీ వస్తేనే ఆ విద్య పనిచేస్తుంది. డబ్బా కొన్నప్పుడు దుకాణంవాడు ఆ మాట అనలేదు. మా డబ్బాలోనూ ఉన్నవి రెండే బ్యాండ్లు. ఆరు గిగాహెర్ట్జ్‌లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే ముసాయిదా మన దేశంలో 2025 మేలో గానీ రాలేదు.

రెండోది నాకు నిజంగా ఒళ్లు మండించింది. కాల్ చేసే యాప్ ప్యాకెట్ మీద "ఇది మాట" అని చీటీ అంటించాలి. అంటించినా దారిలో చేతులు మారేచోట చాలాసార్లు దాన్ని చెరిపేస్తారట. మా ఇంటికి చేరేసరికి అన్నీ మామూలువే. మా అమ్మాయి గొంతూ, టీవీ అప్‌డేటూ ఒకే వరసలో! మాట ఇటునుంచి అటు 150 మిల్లీసెకన్లలోపు చేరితే మనకి తేడా తెలియదని అంతర్జాతీయ టెలికం యూనియన్ ఎప్పుడో చెప్పింది. అప్‌డేట్ పది నిమిషాలు ఆలస్యమైతే టీవీకి పోయేదేముంది? లైన్లు మూడు చేశారు, చీటీలు ఎనిమిది చేశారు, "ఆర్డినరీయా, అర్జెంటా?" అని అడిగేవాళ్లని మాత్రం పెట్టలేదు.

మా కాలం బంగారమని కాదు. లైట్నింగు డబ్బున్నవాళ్లకే. ఆర్డినరీ బుక్ చేసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నవాళ్లని చూశాను. తల్లి పోయిందని కబురు చెప్పడానికి వచ్చి, అర్జెంటుకి చాలక చిల్లర లెక్కపెట్టుకున్న కుర్రాడొకడు ఇప్పటికీ కళ్లముందు మెదులుతాడు. డబ్బు ఆ కుర్రాణ్ణి వెనక్కి నెట్టింది నిజమే. ఆ డబ్బుకి జడిసే ఊరికే లైట్నింగ్ అనేవాళ్లు కాదన్నదీ నిజమే. ఇప్పుడు చీటీ ఊరికే వస్తుంది. రేపు టీవీవాడు కూడా తనది మాటేనని అంటించుకుంటే ఆపేదెవరు? రద్దీగా ఉంటే ముందు డబ్బాని అడిగి తీరాలన్న నిబంధన ఒకటి పుస్తకంలో ఉందట. మా డబ్బాలో ఆ మీట కోసం మనవడు గంట వెతికాడు. దొరకలేదు.

చివరికి నేనే తేల్చాను. టీవీ కదిలేది కాదు, డబ్బా దాని పక్కనే ఉంది. దానికి గాలెందుకు? మీటరు పొడవు తీగ తెప్పించి రెండిటికీ గుచ్చేశాను, యాభై ఏళ్ల కిందట కార్డు గుచ్చినట్టే. మీ ఇంట్లోనూ కదలనివాటిని తీగకి తగిలించి చూడండి.