రెండో శిలాఫలకం

ప్రపంచంలో కొన్ని అనాగరిక దేశాలున్నాయి. అక్కడ ప్రభుత్వం మారితే కాంట్రాక్టు ఊడిపోతుంది. మనకా దుస్థితి లేదు. మన దగ్గర ప్రభుత్వం మారితే ఇంకో శిలాఫలకం పడుతుంది.

భోగాపురం విమానాశ్రయమే చూడండి. 2017లో పిలిచిన టెండరులో అందరికంటే ఎక్కువ వాటా ఇస్తామన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. ప్రభుత్వానికి మరీ ఎక్కువ లాభం వస్తే బాగుండదనుకున్నారో ఏమో, మరుసటి ఏడు జనవరిలో ఆ టెండరు రద్దు చేశారు. మళ్ళీ పిలిస్తే జీఎంఆర్‌కి వచ్చింది. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబుగారు శంకుస్థాపన చేశారు. తర్వాత జగన్‌గారొచ్చి, 2,703 ఎకరాల్లో 500 తగ్గించి, 2020 జూన్‌లో అదే కంపెనీతో ఒప్పందం రాయించి, 2023 మే 3న మళ్ళీ శంకుస్థాపన చేశారు. ఆ మరుసటి ఏడాది ఆయనా దిగిపోయారు. కంపెనీ మాత్రం చెక్కుచెదరలేదు.

విశాఖ సీతమ్మధారలో మా వీధిలోనే ఉంటారు, స్టీల్‌ప్లాంటులో రిటైరైన పెద్దాయన ఒకరు. ఈ మాట ఎత్తితే చాలు, "ఏటి బాబూ, మా ప్లాంటుకి లేని పెర్మనెంటు ఆ కంపినీకి ఎలా వచ్చీసిందంటావు?" అని నిలదీస్తారు. నా దగ్గర జవాబు లేదు. మాల్దీవులకు ఫోన్ చేసి అడగాలి.

రాజాంలో జనపనార వ్యాపారంతో మొదలై ఢిల్లీ, శంషాబాద్ విమానాశ్రయాల దాకా ఎదిగిన ఇదే జీఎంఆర్ 2010 జూన్‌లో మాల్దీవుల్లో మాలే విమానాశ్రయాన్ని 25 ఏళ్ళకు తీసుకుంది. దొడ్డిదారి కాదు. ప్రపంచబ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ సలహాతో నడిచిన టెండరు అది. మలేసియా విమానాశ్రయాల సంస్థ భాగస్వామి. పెట్టుబడి 50 కోట్ల డాలర్ల పైమాట. కాగితాలన్నీ పక్కా. ఒక్కటే లోపం: సంతకం పెట్టింది అధ్యక్షుడు నషీద్ ప్రభుత్వం. ఒప్పుకోవలసిన జనం అక్కడే ఉన్నారు గానీ, వాళ్ళకు చెప్పాలన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

విమానం ఎక్కే ప్రతివాడి దగ్గరా అభివృద్ధి రుసుము 25 డాలర్లు, పైన బీమాకు మరో 2 వసూలు చేస్తామన్నారు. హైదరాబాద్‌లో అయితే మనం గొణుక్కుంటూ కట్టేస్తాం. అక్కడి ప్రతిపక్షం కోర్టుకెళ్ళింది. పార్లమెంటు అనుమతి లేని పన్ను ఇది, చెల్లదని 2011 డిసెంబర్‌లో తీర్పొచ్చింది. రెండు నెలలకు నషీద్ గద్దె దిగారు. 2012 నవంబర్ 27న కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందం మొదటినుంచీ చెల్లనే చెల్లదని ప్రకటించి, సామాను సర్దుకోవడానికి ఏడు రోజులు గడువిచ్చింది. మన దగ్గర కరెంటు బిల్లుకు కూడా అంతకంటే ఎక్కువ గడువుంటుంది.

న్యాయం గెలిచిందనుకోండి. ఒప్పందం చెల్లుతుందని 2014లో మధ్యవర్తుల ట్రైబ్యునల్ తేల్చింది. 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు పరిహారం ఇమ్మంది. మాల్దీవులు కట్టాయి కూడా. అంటే కంపెనీకి డబ్బు దక్కింది, విమానాశ్రయం పోయింది, బిల్లు మాత్రం అడగనే అడగని జనం నెత్తిన పడింది. ఢిల్లీ గట్టిగా మందలించినకొద్దీ, ఇది కంపెనీ కాదు, ఢిల్లీయే అన్న అనుమానం మాలేలో ముదిరిందే తప్ప తగ్గలేదు. పలుకుబడి ఇంట్లో అర్హత, పొరుగూళ్ళో అభియోగం.

విజయవాడ ఎంపీగా లగడపాటి రాజగోపాల్‌గారు వెలుగుతున్న 2011లో ఆయన కుటుంబ సంస్థ ల్యాంకో ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు కొన్నది. 2018కల్లా ల్యాంకోయే లిక్విడేషన్‌లో పడింది. ఆయన పార్లమెంటులో కొట్టిన పెప్పర్ స్ప్రే ఘాటు గనుల దాకా అందలేదు.

ఇప్పుడు పెద్ద కథ. 2021లో గంగవరం పోర్టులో రాష్ట్రానికున్న 10.4 శాతం వాటాను దాదాపు 645 కోట్లకు అదానీ సంస్థకు అమ్మేశారు. మిమ్మల్నెవరైనా అడిగారా? నన్నూ అడగలేదు. ఇక్కడ అలవాటైన ఈ మర్యాదనే అదానీ వాళ్ళు సముద్రం దాటించారు. శ్రీలంకలో గాలిమరల ప్రాజెక్టుకు టెండరే లేదు. అది అదానీకే ఇమ్మని మోదీ ఒత్తిడి చేస్తున్నట్టు అధ్యక్షుడు గొటబయ తనతో అన్నారని అక్కడి విద్యుత్ బోర్డు చైర్మన్ 2022 జూన్‌లో పార్లమెంటరీ కమిటీ ముందు చెప్పారు. గొటబయ కాదన్నారు. చైర్మన్ ఉద్వేగంలో నోరు జారానని మాట వెనక్కి తీసుకుని, కొద్దిరోజుల్లోనే రాజీనామా ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో కంపెనీయే ఆ ప్రాజెక్టు వదులుకుంది. కెన్యాలో నైరోబీ విమానాశ్రయాన్ని అదానీ 30 ఏళ్ళకు, 185 కోట్ల డాలర్లకు తీసుకోబోతున్న సంగతి జనానికి ప్రభుత్వం చెప్పలేదు, సోషల్ మీడియా చెప్పింది. ఉద్యోగులు సమ్మె చేశారు, కోర్టు ఆపింది. అధ్యక్షుడు రూటో మాత్రం బ్రహ్మాండమైన బేరమని వెనకేసుకొచ్చారు.

అప్పుడు అమెరికాలో అదానీపై అభియోగపత్రం బయటపడింది, 2024 నవంబర్ 20న. సౌర విద్యుత్తు కొనిపించడానికి భారత అధికారులకు లంచాలు ఇవ్వజూపారని ఆరోపణ. అందులో సింహభాగం, 1,750 కోట్లు, ఆంధ్రప్రదేశ్ లెక్కలోది. అదంతా నిరాధారమని కంపెనీ అంది. మేం ఒప్పందం కుదుర్చుకున్నది కేంద్ర సంస్థ సెకీతో, అదానీతో కాదని ఆ ఒప్పందం నాటి పాలకుల పార్టీ అంది. అభియోగపత్రం బయటపడిన మర్నాడే రూటో పార్లమెంటులో లేచి విమానాశ్రయం బేరం రద్దన్నారు. 73 కోట్ల డాలర్లు దాటిన కరెంటు లైన్ల ఒప్పందం కూడా రద్దన్నారు. సభ్యులు చప్పట్లతో సభ దద్దరిల్లగొట్టారు. మొన్నటిదాకా సమర్థించిందీ ఆయనే, చప్పట్లందుకున్నదీ ఆయనే. ఆ విద్యలో మాత్రం కెన్యా మనకేం తీసిపోదు.

ఆరోపణ ఆంధ్రది, రద్దయింది నైరోబీలో. మన అసెంబ్లీలో మాత్రం చంద్రబాబుగారు రాష్ట్రం బ్రాండు దెబ్బతిందని బాధపడి, నివేదికలు చదివి చర్య తీసుకుంటామన్నారు. యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున 7,000 మెగావాట్లకు, 25 ఏళ్ళకు 2021 డిసెంబర్‌లో రాసుకున్న ఒప్పందం మరి, చదవడానికి పొద్దుపోతుంది పాపం.

వాళ్ళు చదివేలోపు మనం కూడా చదువుదాం. గంగవరం వాటా అమ్మకం ఫైలు అడగండి, సెకీ ఒప్పందం నకలు అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము పది రూపాయలే.