జేబులో వెళ్లిన టూత్‌బ్రష్

నేనొక టూత్‌బ్రష్‌ని. ఎర్ర పిడి, తెల్ల కుచ్చు. అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరంలో పన్నెండేళ్ల నల్లజాతి పిల్ల కోసం వాళ్లమ్మ నన్ను కొంది. ఆ దుకాణంలో నల్లవాళ్ల డబ్బు చెల్లేది. అక్కడే ఉన్న ఫలహారాల కౌంటర్ ముందు కూర్చుని తినడం మాత్రం కుదిరేది కాదు. మంచినీళ్ల కుళాయిలు కూడా తెల్లవాళ్లకు వేరుగా, నల్లవాళ్లకు వేరుగా ఉండేవి.

1963 ఏప్రిల్‌లో దీనిమీద సత్యాగ్రహం మొదలైంది. ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జైలుకెళ్లారు. ఆయన వెనక వెళ్లే పెద్దలు మాత్రం తగ్గిపోయారు. వెళ్తే మర్నాడు పని ఊడుతుంది, పొయ్యి వెలగదు. పిల్లలకు ఊడే ఉద్యోగాలు లేవని గుర్తించినవాడు జేమ్స్ బెవెల్ అనే యువనాయకుడు. తిడితే తిరిగి తిట్టొద్దని, కొడితే చెయ్యెత్తొద్దని చర్చిల్లో పిల్లలకు తర్ఫీదు ఇచ్చారు.

మే 2 దగ్గర పడింది. పిల్లలు చెవి కోసుకునే రేడియో వ్యాఖ్యాత ఒకాయన, పార్కులో విందు ఉంది, టూత్‌బ్రష్‌లు తెచ్చుకోండని చెప్పాడు. ఆ విందు జైల్లోనని పిల్లలకు తెలుసు. మా పిల్ల నన్ను రుమాల్లో చుట్టి గౌను జేబులో పెట్టుకుంది.

16వ వీధి బాప్టిస్టు చర్చి తలుపులు తెరుచుకోగానే పిల్లలు పాడుకుంటూ జట్లు జట్లుగా బయటికొచ్చారు. ఆ ఒక్కరోజే వందలమందిని పట్టుకున్నారు. పోలీసు బళ్లు చాలక స్కూలు బస్సులు తెప్పించారు. జేబు తడిమిన పోలీసు నన్ను తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ మా పిల్ల చేతికే ఇచ్చేశాడు.

జైలు గదిలో కాలు చాపే చోటు లేదు. పేస్టు లేదు. మా పిల్ల వట్టి నీళ్లతో నాతో పళ్లు తోముకుంది. బ్రష్ తెచ్చుకోని పిల్లలు వేలితో రుద్దుకున్నారు. మర్నాడు వచ్చినవాళ్ల బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. పోలీసు శాఖను ఏలే బుల్ కానర్ వాళ్లమీదికి ఫైరింజను గొట్టాలు విప్పించాడట, కుక్కల్ని ఉసిగొల్పించాడట. జైళ్లు నిండిపోయి, సంత మైదానంలో కూడా పిల్లల్ని బంధించారు.

పిల్లలమీద జరిగిన ఆ దాడి ఫొటోలు ప్రపంచమంతా చూసింది. మే 10న నగర వ్యాపారులు దిగొచ్చి ఒప్పందానికి వచ్చారు. ఫలహారాల కౌంటర్లలో, కుళాయిల దగ్గర వేర్పాటు తీసేస్తామన్నారు. బడి మానిన వెయ్యిమందికి పైగా పిల్లలపై వేటు పడితే, కోర్టు దాన్ని ఆపింది. కానీ వేర్పాటు కోరేవాళ్ల పగ చల్లారలేదు. సెప్టెంబరు 15న అదే చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల ప్రాణం తీశారు. చివరికి 1964 జూలై 2న ఇలాంటి వేర్పాటును నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చింది.

పిల్లలు పాపం ఏమీ తెలియక, పెద్దలు పంపితే వెళ్లారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్లకు నా సంగతి చెప్పండి. ఆ రాత్రి ఇంటికి రానని తెలిసిన పిల్లే టూత్‌బ్రష్ వెంట తీసుకెళ్తుంది.