సగరపుత్రులు మళ్లీ తవ్వుతున్నారు, మహారాజా!

శ్రీశ్రీశ్రీ భగీరథ చక్రవర్తి వారి సముఖానికి,
విషయం: పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల భూమిలో పాతిపెట్టిన డీఐ పైపుల గురించి.

మహారాజా! ఈ అర్జీ నిజానికి ఏ సూపరింటెండింగ్ ఇంజనీరు గారికో పెట్టుకోవలసింది. కానీ ఆ కుర్చీల్లో కూర్చున్నవారికి బదిలీలుంటాయి, తమరికి లేవు. పైగా 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రి చేతుల మీదుగా మొదలైన తాగునీటి పథకానికి తమరి పేరే పెట్టారు. సుమారు లక్షా 30 వేల కిలోమీటర్ల పైపులైను, 40 వేల కోట్ల రూపాయలు దాటిన అంచనా, పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్క. తమరు దించింది ఒక్క గంగనే. ఇక్కడివాళ్లు గోదావరి నీళ్లనూ మానేరు నీళ్లనూ గుట్టలెక్కించారు. ఆ పథకానికి నమూనా కూడా ఈ గడ్డదే. 1990ల చివర్లో కరీంనగర్ పక్కనున్న దిగువ మానేరు డ్యామ్ నుంచి సిద్దిపేట పల్లెలకు నీళ్లు పోయాయి, ఆ తర్వాతే రాష్ట్రమంతటికీ ఆ ఆలోచన పాకింది. చేసిన పని చిన్నదని అనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. చెప్పదలచుకున్నది ఒక్కటే: పైపు మంచిదే కొన్నారు, కానీ ఆ పైపు కింద పరిచే ఇసుక, దాని మీద పోసే మట్టి, అది ఎక్కడుందో చెప్పే పటం, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇవన్నీ కూడా పైపే అన్న సంగతి ఇంకా మన లెక్కల్లోకి ఎక్కలేదు.

ముందు ఆ పైపు సంగతి వినండి, ఎందుకంటే అది నిజంగా ముచ్చటైన వస్తువు. ఇనుము ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిర్మల్ వైపు, దానికి దిగువన కోనసముద్రంలో, మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి మకాం వేసేవారని 19వ శతాబ్దంలో వోయ్‌సీ అనే దొర చూసి రాసిపెట్టాడు. ఉత్తర తెలంగాణ పల్లెల చుట్టూ ఇప్పటికీ చిట్టెపు కుప్పలు కనిపిస్తాయి. ఆ కమ్మరులు పేరు తెలియకుండానే వాడుకున్న రహస్యం ఒకటే. ఇనుము గుణం అందులోని కార్బన్ మీద, ఆ కార్బన్ ఏ రూపంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మన తాతల కాలపు బీడు పైపులో కార్బన్ గ్రాఫైటు రేకులుగా ఉండేది. రేకు అంచు అంటే లోపలే పుట్టిన పగులు. పైన లారీ ఎక్కినా, కరెంటు పోయి పంపు ఆగి లైన్లో నీళ్లు వెనక్కి తన్నినా అక్కడే చిట్లుతుంది. 1943లో అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ ప్రయోగశాలలో కీత్ మిల్లిస్ కరిగిన ఇనుములో కాస్త మెగ్నీషియం వేసి చూశాడు. రేకులు పోయి గ్రాఫైటు గుండ్రటి గింజలుగా చేరింది. టన్ను ఇనుములో నిలవాల్సిన మెగ్నీషియం అరకిలో కూడా ఉండదు, పాలల్లో తోడు వేసినంత. కరిగిన ఇనుము వేడికి మెగ్నీషియం మరిగి ఆవిరైపోతుంది కనుక ఆ కాసింత కలపడం కూడా కళ్లు మిరుమిట్లు గొలిపే పనే. అలా పుట్టిన ఇనుము విరిగిపోయే ముందు సాగుతుంది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 8329 ప్రకారం, మీటరు వ్యాసం దాకా ఉన్న పైపు నుంచి తీసిన నమూనా తెగేలోపు కనీసం నూటికి పది పాళ్లు సాగాలి. దీన్నే డక్టైల్ ఐరన్ అంటున్నారు, పనిచోట అందరి నోటా డీఐ. తెలుగు నేల మీద శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలోనూ ఈ పైపులు పోతపోస్తారు. గిర్రున తిరిగే అచ్చులో కరిగిన ఇనుము పోస్తే అది గోడకు అంటుకుని పైపవుతుంది. లోపల సిమెంటు పూత, బయట జింకు, దాని మీద నల్లటి బిటుమెన్. వెర్సాయ్ రాజప్రాసాదపు ఫౌంటెన్లకు 17వ శతాబ్దంలో వేసిన మామూలు బీడు పైపులే 300 ఏళ్లకు పైగా పనిచేశాయంటే, వాటి మనవడైన ఈ పైపుకు నూరేళ్ల ఆయుష్షు కోరడం అత్యాశ కాదు.

మరి నూరేళ్ల పైపున్న లైను ఆరేళ్లకే ఎందుకు కారుతుంది? పైపు మధ్యలో కారదు మహారాజా, కొసల్లో కారుతుంది. ఒక్కో పైపు పొడవు అయిదున్నర మీటర్లు, కొన్ని ఆరు. అంటే కిలోమీటరుకు దాదాపు 180 అతుకులు. ఆ అతుకు ఎలా వేస్తారో కాస్త దగ్గరికి వచ్చి చూడండి. ఒక పైపు మూతి వెడల్పుగా ఉంటుంది, దాన్ని సాకెట్ అంటారు. దాని లోపలి గాడిలో రబ్బరు రింగు కూర్చోబెట్టాలి. రెండో పైపు కొసను శుభ్రంగా తుడిచి, సబ్బులాంటి జారుడు పూసి, తిన్నగా లోపలికి నెట్టాలి. ఆ కొస మీద తెల్ల గీతలు రెండుంటాయి. ఒక గీత లోపలికి పోవాలి, రెండోది బయట కనిపించాలి. పైపు సరిగ్గా దిగిందని అదే గుర్తు. గాడిలో ఇసుక రేణువు మిగిలినా, పైపు వంకరగా దిగి రింగు మడతపడినా ఆ అతుకు ఆ రోజు కారదు. పరీక్ష రోజున కూడా కారకపోవచ్చు. తర్వాతెప్పుడో కారుతుంది. సాకెట్ పైపు కన్నా లావు కనుక దాని కింద కందకంలో చిన్న గుంట తీయాలి. తీయకపోతే పైపు బరువంతా మూతుల మీదే ఆనుతుంది, మధ్యలో గాలిలో వేలాడుతుంది. ఇదంతా ఐఎస్ 12288లో 1987 నుంచీ రాసే ఉంది. పైపును ఎవరైనా పరీక్షించవచ్చు. దాని మీద ఐఎస్ఐ ముద్ర ఉంటుంది, కే-7 అనో కే-9 అనో తరగతి ఉంటుంది, లారీ దిగగానే లెక్కపెట్టుకోవచ్చు. కింద పరిచిన ఇసుక మందం కొలత పుస్తకంలో ఉంటుంది, కానీ మట్టి కప్పిన మర్నాడు దాన్ని చూసిన కళ్లు లోకంలో ఉండవు. కనిపించేదాన్ని తనిఖీ చేస్తాం, పూడిపోయేదాన్ని నమ్ముతాం.

ఈ నమ్మకం మిగతా చోట్ల ఎలా చెల్లినా ఈ రెండు జిల్లాల్లో చెల్లదు, ఎందుకంటే ఇక్కడి నేల రెండు రకాలుగా పరీక్ష పెడుతుంది. కరీంనగర్ వైపు ఎర్ర చెలకలు, వాటి కింద గ్రానైటు. అక్కడ కందకం అడుగున రాయి కొన ఒక్కటి మిగిలినా, పైన బండ్ల బరువుకు పైపు ఏళ్ల తరబడి ఆ కొన మీదే రుద్దుకుంటుంది. ముందు బయటి పూత పోతుంది, ఆ తర్వాత తుప్పు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి, పత్తిని పెంచే నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ కదలికకు సిమెంటు అతుకుల లైన్లు నిలవవు. డీఐ పైపు రబ్బరు అతుకు చిన్న సైజుల్లో అయిదు డిగ్రీల దాకా ఒదిగి తట్టుకుంటుంది. అందుకే ఆ నేలకు ఇది తగిన పైపే. కానీ అదే నల్లమట్టి తడిసినప్పుడు ఇనుముకు మేలు చేసే నేల కాదు. అలాంటి చోట పైపుకు పాలిథిన్ తొడుగు వేయాలని ఇంజనీర్లకు తెలుసు. తొడుగు ఖర్చు పైపు ఖర్చు ముందు ఏ మూలకూ రాదు. అయినా ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందుగా ఎగిరిపోయేది చౌక వస్తువే. ఇది మన దగ్గర ఆనవాయితీ. పట్టుచీర కొని ఫాల్ కుట్టించడం మానేసినట్టు.

ఇక్కడ తమరి సభలో ఎవరైనా లేచి అడుగుతారు. ఇంత బాధ ఎందుకు, అంతా ప్లాస్టిక్కే వేస్తే పోలా అని. ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. ఊళ్లోని సందుల్లో, చిన్న సైజుల్లో హెచ్‌డీపీఈ పైపు మంచిదే. వంగుతుంది, తుప్పు పట్టదు, వేడితో అతికితే లీకేజీ తక్కువ. ఊళ్లోపల దాన్నే వేయడం తెలివైన పని. కానీ ట్యాంకు నుంచి ట్యాంకుకు పోయే పెద్ద లైన్ల సంగతి వేరు. కెరమెరి ఘాట్ లాంటి ఎత్తుపల్లాల మీద ప్రతి పది మీటర్ల దిగుడుకూ చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో ఒత్తిడి పెరుగుతుంది. రోడ్డు వెడల్పు చేస్తారు, లైను మీదికి లారీ వస్తుంది. చేనులో ట్రాక్టరు నాగలి దిగుతుంది. అక్కడ ఇనుము ధర ఎక్కువ అనేవారు కొన్న రోజు ధర చూస్తున్నారు, తవ్వి మళ్లీ అతికిన రోజుల ధర చూడటం లేదు. ఇంకొకరు అనవచ్చు, అడవిలో గూడేలకు వాగులున్నాయి, చెలిమెలున్నాయి, అంత దూరం లైను దండగ అని. ఎండాకాలం ఇసుక తోడి బిందె నింపుకునే కోలాం ఆడవాళ్లను అడిగాక ఈ మాట అంటే సరి.

ఇప్పుడు అసలు బాధ, తమరి వంశానికి సంబంధించింది. గుర్రం కోసం తమరి ముత్తాతల తరంలో అరవై వేల మంది సగరపుత్రులు భూమినంతా తవ్వి పోశారు. ఎందుకు తవ్వుతున్నాం, కింద ఎవరున్నారు అని అడిగినవాడు లేడు. కింద కపిల మహర్షి ఉన్నాడు, తవ్వినవాళ్లంతా బూడిదయ్యారు. ఆ బూడిద కోసమే కదా తమరు గంగను తెచ్చింది. ఇప్పుడు అదే పని జేసీబీ చేస్తోంది. ఫైబర్ కేబుల్ కోసం ఒకరు, మురుగు కాల్వ కోసం ఒకరు, సీసీ రోడ్డు కోసం ఒకరు. డ్రైవరు తప్పు కాదు. పళ్లున్న బకెట్ కింద పైపు ఉందో లేదో అతనికి ఎవరు చెప్పారు? పటం కంప్యూటర్లో ఉంది అంటారు. ఉండే ఉంటుంది. తవ్వేవాడు పైపు ఉన్నవారికి ముందే కబురు చేసేలా ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను ప్రధానమంత్రి 2023 మార్చి 22న ప్రారంభించారు కూడా. ఆలోచన సరైనదే. కానీ జైనూరులో ఉదయం ఏడింటికి తవ్వకం మొదలుపెట్టే మనిషి యాప్ చూడడు, పంచాయతీ కార్యదర్శిని అడుగుతాడు. కార్యదర్శి దగ్గర పటం లేకపోతే చేత్తో గాలిలో గీత గీస్తాడు, అటు ఉంది అని.

జహ్ను మహర్షి సంగతి కూడా తమరికి చెప్పనక్కర్లేదు, గంగనంతా ఒక్క గుక్కలో తాగేశాడు. ఇప్పుడు నల్లాకు మోటారు తగిలించే ప్రతివాడూ జహ్నువే, వీధి చివరి ఇంటికి చెవి లోంచి కూడా వదలడు. దీన్ని పోలీసు సమస్యగా చూస్తారు. నిజానికి ఇది పైపు సమస్య. నీళ్లు రోజూ ఒకే వేళకు, సరిపడా ఒత్తిడితో వస్తే మోటారు కొనేవాడెవడు? కరీంనగర్‌లో కొన్ని కాలనీల్లో 2025 జనవరిలో 24 గంటల సరఫరా మొదలుపెట్టారు, ఆ దారి సరైనది. రోజుకు గంట నీళ్లిచ్చి 23 గంటలు ఖాళీగా ఉంచిన లైనులో, మోటారు పీల్చినప్పుడు, కారే అతుకు లోపలికి కూడా పీలుస్తుంది; పక్కనున్న మురుగు కాల్వ నీళ్లను. లీకేజీ అంటే నీళ్లు బయటికి పోవడం మాత్రమే అనుకుంటే ఏజెన్సీలో వానాకాలం వాంతులు విరేచనాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో అర్థం కాదు. తమరి గంగకు శివుడి జటాజూటం ఉండేది, ఒత్తిడి అక్కడ విరిగేది. ఆ జటాజూటం పని ఇప్పుడు గుట్ట మీద ట్యాంకుది, దాని వాల్వుది, ఆ వాల్వు తిప్పే మనిషిది. శివుడికి జీతం నెలనెలా అందిందా అని తమరు ఎప్పుడూ కనుక్కోవలసి రాలేదు. ఇక్కడ వాల్‌మన్‌కు అందిందా అని కనుక్కోవాలి.

ఇక అర్జీలో కోరేది. కొత్త లైనుకు బిల్లు పాసు కావాలంటే మీటర్ల లెక్కతో పాటు, మట్టి కప్పక ముందు తీసిన ఫోటో జతచేయమనండి. ఇసుక, సాకెట్ గుంట, తెల్ల గీత, నల్లరేగడి అయితే పాలిథిన్ తొడుగు అందులో కనిపించాలి. ఫోటోలో మోసం చేయవచ్చు అంటారు. చేయవచ్చు, కానీ ఇప్పుడు మోసానికి ఆ కష్టం కూడా అక్కర్లేదు. కందకం తెరిచి ఉన్నప్పుడు ఊరివాళ్లు ఇద్దరు వచ్చి చూసి సంతకం పెట్టే హక్కు ఇమ్మనండి. ఎరువు కట్టను తూకం వేయించుకునే రైతుకు ఇసుక మందం కొలవడం చేతకాదా? ఆపైన ఊరి పైపుల పటం ఒకటి, వాల్వులు ఎక్కడున్నాయో, లైను రోడ్డుకు ఏ పక్కనుందో, ఎంత లోతుందో తెలుగులో రాసి పంచాయతీకి పంపమనండి. పంచాయతీ గోడ మీద పింఛన్ల జాబితా పక్కన జాగా ఖాళీగానే ఉంది. మేకు మేమే కొట్టుకుంటాం. పటం మాత్రం వానాకాలం తవ్వకాలు మొదలయ్యేలోపు పంపించండి.

ఇట్లు,
నల్లా కింద బిందె పెట్టి ఎదురుచూసేవారి తరఫున ఒక వ్యాసకర్త