ఐదు స్ట్రోకుల కొలత: ఒక టైపు మిషను ఆత్మకథ

గుంటూరు బ్రాడీపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. అందులో కిటికీ పక్క బల్ల నాది. తెల్లారి ఆరింటికే మొదటి బ్యాచ్ వచ్చేది. ఎడమ చేతికి ఏ ఎస్ డి ఎఫ్, కుడి చేతికి సెమీకోలన్ ఎల్ కె జె. కొత్త పిల్లలు రోజుల తరబడి అవే కొట్టేవారు. చిటికెన వేలికి బలం చాలక ‘ఏ’ లేతగా పడేది. మాస్టారు కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఏ ఆనడం లేదమ్మా, మళ్లీ కొట్టు" అనేవారు. ఏ వేలు బలహీనమో కాగితమే చెప్పేసేది.

వచ్చేవాళ్లంతా సర్కారు కొలువు మీద ఆశతో వచ్చినవాళ్లే. లోయరు గ్రేడు టైపు పరీక్షకు నిమిషానికి 30 పదాలు, హయ్యరు గ్రేడుకు 45. ఇక్కడ పదమంటే నిఘంటువులో పదం కాదు, ఐదు స్ట్రోకులు. అక్షరం ఒక స్ట్రోకు, మాటల మధ్య ఖాళీ కూడా ఒక స్ట్రోకే. నిమిషానికి 30 చొప్పున పది నిమిషాలు కొట్టాలంటే నా మీటల మీద 1500 సార్లు వేలు పడాలి. ఒకరికి పొడుగు మాటల పేరా, ఇంకొకరికి పొట్టి మాటల పేరా వచ్చినా అన్యాయం జరగకూడదని పెట్టిన కొలత అది. ఎవరి పిల్లో, ఏ ఊరి పిల్లో ఆ లెక్కకు అక్కర్లేదు. అందుకే ఆ కొలతంటే నాకు గౌరవం.

కేంద్ర ప్రభుత్వ ఎల్డీసీ, అంటే గుమస్తా కొలువుకు రాతపరీక్ష గట్టెక్కాక టైపు పరీక్ష ఉండేది. మిషను మీద ఇంగ్లీషుకు నిమిషానికి 30 పదాలు, హిందీకి 25. ఈ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ ఇది దాటకపోతే రాతలో ఎన్ని మార్కులొచ్చినా కొలువు రాదు. పైగా ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలి.

అలా ఒకసారి నేనూ హైదరాబాదు వెళ్లాను. మా దగ్గర ఏడాది నేర్చుకున్న అమ్మాయి ఆ పరీక్ష కోసం మాస్టారిని అడిగి నన్ను తీసుకుంది. వాళ్ల నాన్న నన్ను పాత దుప్పటిలో చుట్టి, రిక్షాలో స్టేషనుకు చేర్చి, రైల్లో రాత్రంతా తన కాళ్ల దగ్గరే పెట్టుకున్నాడు. హాలు గుమ్మం దాకా మోసి, "కంగారు పడకు తల్లీ" అని మాత్రం అన్నాడు.

గంట కొట్టారు. హాలంతా ఒక్కసారిగా వడగళ్ల వానలా మోగింది. పక్క బల్లల వేగం చూసి ఆమె కూడా తొందరపడింది. నాలుగో నిమిషంలో రెండు మీటలు ఒకేసారి నొక్కుకుపోయి, నా అక్షరాల కడ్డీలు రెండూ పెనవేసుకున్నాయి. ఆమె చూపుడు వేలితో వాటిని విడదీసింది. వేలి కొసకు సిరా అంటింది. ఒక్క ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పక్కవాళ్ల చప్పుడు వినలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో అలవాటైన తన లయలోనే, వరస చివర నా గంట మోగగానే క్యారేజీ తోస్తూ కొట్టుకుంటూ పోయింది.

వెనక్కి జరపడమే గాని చెరపడం నాకు రాదు. పడిన అక్షరం పడినట్టే ఉంటుంది. అందుకే దిద్దేవాళ్లు వేగంతోపాటు తప్పులూ లెక్కపెట్టేవారు. ఆ పరీక్ష పెట్టే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ లెక్కలో మాట వదిలేసినా, స్పెల్లింగు తప్పినా నిండు తప్పు. ఖాళీ, కామా, పెద్దక్షరం తేడా వస్తే అర తప్పు. వేగం ఎంతున్నా నిలకడ లేని చేతిని ఆ లెక్క వడకట్టేది. ఆ అమ్మాయి నెగ్గింది.

2009లో గోద్రెజ్ వాళ్లు టైపు మిషన్ల తయారీ ఆపేశారు. మా ఇన్‌స్టిట్యూట్‌లోనూ కంప్యూటర్లు వచ్చాయి, నేను వెనక గదిలోకి చేరాను. ఇప్పుడు కంప్యూటరు మీద ఇంగ్లీషుకు గంటకు 10,500 మీటలు కొట్టాలని ఆ పరీక్ష నోటిఫికేషన్లో ఉంటుందట. మొన్న ముందు గదిలో ఒక కుర్రాడు, "అంత కొట్టగలనా సార్?" అని బెంగగా అడిగాడు. మాస్టారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. అరవైతో భాగిస్తే నిమిషానికి 175. దాన్ని ఐదుతో భాగిస్తే 35 పదాలు.

ఆ ఐదు నా కాలం నాటి ఐదే. "ముందు లయ పట్టు, వేగం దానంతటదే వస్తుంది" అన్నారు మాస్టారు. కాసేపటికి తలుపు అవతల మీటల చప్పుడు మొదలైంది. నా చప్పుడంత గట్టిగా లేదు గాని, మొదట తడబడినా మెల్లగా సమంగా పడసాగింది.